కండకు తొందర తెలియదు

విజయనగరంలో జనరల్ ఫిజీషియన్‌గా కూర్చున్న నాటి నుంచి నేను ఎక్కువగా విన్న ఫిర్యాదు ఒక్కటే. "ఒంట్లో సత్తువ నేదు బాబూ." గజపతినగరం వైపు నుంచి పొలం పనులు చేసుకునే ఆడవాళ్లు వస్తారు. నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసి ఇంటిపట్టున ఉన్నవాళ్లు వస్తారు. పూసపాటిరేగ, భోగాపురం తీరం నుంచి వేటకు వెళ్లే మత్స్యకారులు, రాజాం, పాలకొండ నుంచి పొద్దున్నే బస్సెక్కిన ముసలివాళ్లు, అందరి నోటా ఇదే మాట. దాని వెనకే ఇంకో మాట వస్తుంది. "ఓ సూదెయ్యండి బాబూ, రేపు ఉబాలకెళ్లాల." ఉబాలంటే వరి నాట్లు.

ఆ 'రేపు' అన్నదాని చుట్టూనే నా వృత్తి జీవితం చాలావరకు తిరిగింది. కూలికి వెళ్తేగాని పొయ్యి వెలగని మనిషికి రేపు ఎంత ముఖ్యమో నాకు తెలుసు. కాని కండ లోపల జరిగే పనుల్లో చాలా ముఖ్యమైనవి రేపటికి పూర్తయ్యేవి కావు. వాటికి వారాలు కావాలి. ఎందుకు కావాలో రోగికి అర్థమయ్యేలా చెప్పగలిగిన రోజున సగం వైద్యం అయిపోతుంది. చెప్పలేకపోతే ఆ రోగి నా గది దాటి, వెంటనే సత్తువ ఇస్తామనేవాళ్ల దగ్గరికి పోతాడు. అక్కడ ఏం జరుగుతుందో ముందు ముందు చెప్తాను.

కండకు సత్తువ మూడు వేగాలతో అందుతుంది. మొదటిది సెకన్లలో తేలే లెక్క. దాన్ని కనుక్కున్నవాడు మన తెలుగువాడు. విశాఖపట్నం ఆంధ్రా మెడికల్ కాలేజీలో బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చేసేటప్పుడు రక్తంలో ఫాస్ఫరస్ కొలవడం నేర్చుకున్నాం. పరీక్షనాళికలో ద్రావణం నీలంగా మారుతుంది. నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువన్నమాట. దాని పేరు ఫిస్క్-సుబ్బారావు పద్ధతి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రకటించిన పద్ధతి అది. ఆ కొలతే వాళ్లను కండ లోపలికి తీసుకెళ్లింది. 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఉందనీ, కండ పనిచేస్తే అది తరుగుతుందనీ, విశ్రాంతి దొరికితే మళ్లీ కూడుతుందనీ చూపించారు. 1929లో కండకు నేరుగా శక్తినిచ్చే ఏటీపీని వెలికితీశారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుక్కున్నాడు.

2000 సెప్టెంబరు 19న సిడ్నీలో మా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లేశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ ఆమే. బరువు నేల విడిచి తలపైకి చేరే ఆ కొద్ది సెకన్లలో కండలకు ఇంధనమిచ్చినవి సుబ్బారావు చూపించిన ఆ రెండు పదార్థాలే. రెండో వేగం నిమిషాల్లో నడుస్తుంది. భోజనం తర్వాత ఇన్సులిన్ వచ్చినా, నడక మొదలుపెట్టి కండ ముడుచుకున్నా, కణం లోపల దాగి ఉన్న గ్లూకోజ్ ద్వారాలు పైపొరకు వస్తాయి. రక్తంలోని చక్కెర వాటి గుండా లోపలికి పోతుంది.

మూడో వేగం చాలా నెమ్మది. ఏ కండలో ఎంత ఇంధనం కాల్చగల సామర్థ్యం ఉండాలి, చక్కెర కాల్చాలా కొవ్వు కాల్చాలా, మైటోకాండ్రియాలు ఎన్ని ఉండాలి, కండ పెరగాలా తరగాలా, ఇవన్నీ ఈ వేగంలోనే తేలతాయి. మల్లేశ్వరి సెకన్లలో ఎత్తిన బరువు వెనక ఏళ్ల తరబడి ఇలా తయారైన కండ ఉంది. నా రోగుల్లో ఎక్కువమంది కష్టాలు కూడా ఈ మూడో వేగానికి చెందినవే.

ఆ పని నడిపించేవాటిలో ప్రధానమైనవి న్యూక్లియర్ రిసెప్టర్లు, అంటే కేంద్రక గ్రాహకాలు. ఇన్సులిన్ లాంటి హార్మోన్లు కణం పైపొర దగ్గరే ఆగి కబురు చెప్తాయి. థైరాయిడ్ హార్మోను, కార్టిసాల్, టెస్టోస్టెరాన్, ఈస్ట్రోజెన్, పూర్తిగా తయారైన విటమిన్ డి మాత్రం పొర దాటి లోపలికి వెళ్తాయి. లోపల వాటిని పట్టుకునే ప్రోటీన్లే ఈ గ్రాహకాలు. హార్మోనును పట్టుకున్న గ్రాహకం కేంద్రకంలోని డీఎన్ఏ మీద తనకు కేటాయించిన చోట కూర్చుని కొన్ని జన్యువులను పని చేయమంటుంది, కొన్నింటిని ఆపమంటుంది. మనిషిలో ఇలాంటివి 48 ఉన్నాయి. అమెరికాలో సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన రోనాల్డ్ ఎవాన్స్ బృందం 1985లో మనిషి కార్టిసాల్ గ్రాహకం జన్యువును వేరుచేసింది. మరుసటి ఏడాది థైరాయిడ్ గ్రాహకం బయటపడింది. రెండూ ఒకే కుటుంబానివని తేలినప్పటి నుంచి ఈ శాస్త్రం ఊపందుకుంది.

జన్యువు పనిచేయడమంటే దాని నకలు తీయాలి, ఆ నకలు చూసి ప్రోటీన్ తయారు కావాలి. ఇందుకు గంటలు పడుతుంది. ఆ ప్రోటీన్ చాలినంత పోగుపడడానికి రోజులు, కండ తీరే మారడానికి వారాలు పడుతుంది. నా రోగుల్లో సగంమంది వ్యవసాయదారులు. వాళ్లకు నేను ఇలా చెప్తాను: "ఆకుమడి వేసిన మర్నాడే ఉబాలకు మనుషుల్ని పిలుస్తావా అమ్మా? మందు ఇప్పుడే మడిలో పడింది. ఆకు ఎదగనీ." ఈ మాటకు ఎవరూ వాదించగా నేను చూడలేదు.

థైరాయిడ్ తక్కువైన వాళ్లలో ఈ నెమ్మది కంటికి కనిపిస్తుంది. రైతుబజారులో కూరలమ్మే ఒకామె వచ్చింది. పిక్కలు పట్టేస్తున్నాయి, బుట్ట ఎత్తితే భుజాలు లాగేస్తున్నాయి, పొద్దున లేస్తే ఒళ్లంతా బిగదీసుకుపోతోంది. బలానికని ఎవరో సెలైను పెట్టించారు, పనిచేయలేదు. ఆమెను గట్టి కుర్చీ మీద, పాదాలు అంచు దాటి వేలాడేలా మోకాళ్లపై నిలబెట్టి, మడమ వెనక స్నాయువును రబ్బరు సుత్తితో తట్టాను. మామూలు మనిషిలో పాదం చటుక్కున కదిలి అంతే చటుక్కున వెనక్కి వస్తుంది. ఆమె పాదం కదిలింది. తిరిగి మాత్రం తీరిగ్గా, ఎవరో పట్టుకుని మెల్లగా వదిలినట్టు వచ్చింది. పక్కనే ఉన్న మా హౌస్‌సర్జన్‌ను పిలిచి రెండోసారి తట్టి చూపించాను. రక్తపరీక్ష కాగితం రాకముందే జబ్బు పేరు ఆ పాదం చెప్పేసింది.

దాని వెనక కారణం ఇది. కండ ముడుచుకోవాలంటే లోపల కాల్షియం విడుదల కావాలి. సడలాలంటే ఆ కాల్షియాన్ని తిరిగి దాని అరలోకి తోడే పంపులు ఉండాలి. ఆ పంపుల జన్యువులు థైరాయిడ్ గ్రాహకం చెప్పుచేతల్లో ఉంటాయి. హార్మోను తగ్గితే పంపులు తగ్గుతాయి, సడలడం ఆలస్యమవుతుంది. థైరాయిడ్ గ్రాహకానికి ఇంకో గుణం ఉంది. హార్మోను ఉన్నా లేకపోయినా అది డీఎన్ఏ మీదే కూర్చుని ఉంటుంది. హార్మోను లేనప్పుడు ఊరికే ఉండదు, తన కిందనున్న చాలా జన్యువులను నొక్కి పెడుతుంది. అందుకే థైరాయిడ్ లోపంలో కండ కేవలం బద్ధకించదు. శక్తి తయారుచేసే పనులే అణగిపోతాయి. రక్తంలో సీపీకే అనే కండ ఎంజైము పెరుగుతుంది. దాన్ని చూసి గుండెజబ్బనుకుని భయపడి పరుగెత్తుకొచ్చేవాళ్లూ ఉన్నారు.

ఆమెకు థైరాక్సిన్ రాసిచ్చాను. వారం తిరక్కుండానే మళ్లీ వచ్చింది. "ఈ మాత్ర పన్జేత్తన్నట్టు నేదు బాబూ." థైరాక్సిన్ మోతాదు రక్తంలో సగానికి తగ్గడానికే వారం పడుతుంది. రోజూ వేసుకుంటే రక్తంలో ఒక నిలకడకు రావడానికి ఐదారు వారాలు. ఆ తర్వాత కండ లోపలి పంపులు, ఎంజైములు కూడుకోవడానికి మరికొంత కాలం. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాతగాని టీఎస్‌హెచ్ పరీక్ష మళ్లీ చేయించను. మాత్ర ఎలా వేసుకుంటున్నావని అడిగాను. తెల్లవారి టీతో కలిపి. మార్కెట్టుకు వెళ్లే హడావిడిలో ఆ ఒక్క గుక్కే ఆమెకు దొరికే తీరిక. టీ, కాఫీ, రక్తానికిచ్చే ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు థైరాక్సిన్‌ను ఒంటికి పట్టనివ్వవు. లేచిన వెంటనే నీళ్లతో మాత్ర, బండి మీద సరుకు సర్దాక టీ అని వేళ మార్చాం. తర్వాత వచ్చినప్పుడు తట్టిన పాదం చురుగ్గానే తిరిగొచ్చింది. భుజాల బలం అప్పటికింకా పూర్తిగా రాలేదు, దానికి మరిన్ని నెలలు పట్టింది. కానీ ఆమె ఇక మధ్యలో మానలేదు.

ఇప్పుడు ఆ తొందర మందు సంగతి. మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నా మనసును ఎక్కువ కలచివేసే విషయం ఇదే.

మోకాళ్ల నొప్పులు, నడుము నొప్పులతో బాధపడేవాళ్లకు ఊళ్లలో కాగితం పొట్లంలో విడి మాత్రలు ఇస్తారు. అట్ట ఉండదు, పేరుండదు. రెండు మూడు రంగులు, పూటకు ఒక్కోటి. వాటిలో ఒకటి చాలాసార్లు డెక్సామెథసోన్ లేదా బీటామెథసోన్. స్టెరాయిడ్ అన్నమాట. కార్టిసాల్ గ్రాహకాన్ని మన సొంత కార్టిసాల్ కంటే ఎన్నో రెట్లు గట్టిగా పనిచేయించే మందులివి. ఉబ్బసం ముదిరి ఊపిరాడని మనిషికి, కొన్ని కీళ్లవాతాలకు, ప్రాణం మీదికొచ్చే అలర్జీకి స్టెరాయిడ్లు నేనూ ఇస్తాను. అవి ఎందరి ప్రాణాలో నిలబెట్టిన మందులు. నా అభ్యంతరం పేరు చెప్పకుండా, గడువు చెప్పకుండా, నొప్పి కనబడినప్పుడల్లా ఇవ్వడం మీద.

ఒక ముసలామెను కొడుకు ఆటోలో తీసుకొచ్చాడు. మొహం గుండ్రంగా నిండుగా ఉంది, పొట్ట ముందుకొచ్చింది, చేతులూ కాళ్లూ మాత్రం పుల్లల్లా ఉన్నాయి. ముంజేతి మీద చర్మం పలచబడి నల్లటి కమిలిన మచ్చలు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవమన్నాను. ముందుకు వంగింది, లేవలేకపోయింది. తొడల మీద చేతులు వేసుకుని, ఆ చేతుల బలంతో ఒంటిని పైకి నెట్టుకుంటూ లేచింది. లేచాక బాగానే నడిచింది. పాదాల్లో, వేళ్లలో బలం ఉంది. పోయిందల్లా తొడలది, భుజాలది. "పొలం గట్టు మీద కూకుంటే లెగనేకపోతన్నాను బాబూ. జడేసుకుందారంటే సెయ్యి పైకి లెగడం నేదు." పొట్లం గురించి అడిగితే చీర కొంగు ముడి విప్పి చూపించింది. "మొదట్లో రెక్కలొచ్చీసినట్టుండీది. రెండు పూటలేస్తే చాలు, నొప్పి ఎటెళ్లిపోనాదో. కలుపుకి కూడా ఎల్లినాను."

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. రెక్కలొచ్చినట్టు ఉండడం, కొన్ని నెలలకు కూర్చున్నచోటు నుంచి లేవలేకపోవడం రెండూ ఒకే గ్రాహకం చేసిన పనులు. ఒకటి త్వరగా కనిపిస్తుంది, రెండోది నెమ్మదిగా పోగుపడుతుంది. కార్టిసాల్ గ్రాహకం మామూలుగా కేంద్రకం బయట వేచి ఉంటుంది. మందు అంటుకోగానే లోపలికి వెళ్లి వాపు, నొప్పి కలిగించే జన్యువులను అణిచేస్తుంది. ఆ ఫలితం గంటల్లోనో, రోజుల్లోనో తెలుస్తుంది. అదే గ్రాహకం కండలో మరో పని మొదలుపెడుతుంది. కార్టిసాల్ ఆకలికీ ఆపదకీ ఏర్పడిన హార్మోను. తిండి దొరకనప్పుడు, జబ్బు పడినప్పుడు మెదడుకు గ్లూకోజ్ ఆగకూడదు. అందుకని కండలోని ప్రోటీన్‌ను విడగొట్టి కాలేయానికి పంపమని అది చెప్తుంది. ప్రోటీన్లకు 'తీసేయి' అన్న గుర్తు తగిలించి ముక్కలు చేసే యంత్రాంగానికి సంబంధించిన జన్యువులు మేల్కొంటాయి, కొత్త ప్రోటీన్ కట్టే పని మందగిస్తుంది. ముందుగా చిక్కిపోయేవి వేగంగా ముడుచుకునే తంతువులు. పీట మీంచి లేవడానికి, మెట్టెక్కడానికి, బిందె ఎత్తడానికి తొడల్లో, భుజాల్లో ఎక్కువగా పనికొచ్చేవి అవే. ఈ జబ్బులో సీపీకే సాధారణంగా పెరగదు. కాబట్టి రక్తపరీక్ష కాగితం అంతా బాగుందన్నట్టే కనిపిస్తుంది. కుర్చీ పరీక్షే జబ్బును పట్టిస్తుంది.

కొడుక్కి కోపం వచ్చింది, పొట్లం చెత్తబుట్టలో పడేయబోయాడు. ఆపాను. నెలల తరబడి బయటి స్టెరాయిడ్ తింటే అడ్రినల్ గ్రంథులు సొంత కార్టిసాల్ తయారుచేయడం తగ్గిస్తాయి. ఒక్కసారిగా ఆపితే వాంతులు, నీరసం, రక్తపోటు పడిపోవడం, జ్వరం తగిలితే ప్రాణాపాయం. కొంచెం కొంచెం తగ్గించుకుంటూ రావాలి. తగ్గించేటప్పుడు పాత నొప్పులు తిరగబడతాయి. ఆ వారాలే అన్నిటికంటే కష్టమైనవి, రోగి మళ్లీ పొట్లం వైపు చూసేది అప్పుడే. అందుకే కొడుకునూ కోడలినీ కూర్చోబెట్టి, ఏ వారం ఏమవుతుందో ముందే చెప్పాను. నొప్పికి వేరే ఉపాయాలు, రోజూ గుడ్డో పప్పో తప్పనిసరి, కుర్చీలోంచి లేచి కూర్చోవడమే వ్యాయామం. మొదట చేతులు ఆనించి, తర్వాత ఒక చెయ్యి, తర్వాత చేతులు కట్టుకుని. నెలలు గడిచాక ఆమె నా ముందు చేతులు కట్టుకుని లేచి నిలబడింది. కొడుకు మొహం చూసుకుని నవ్వింది.

చక్కెర జబ్బు మరో రకం ఓర్పు కోరుతుంది. ఇన్సులిన్ బాగా పనిచేసే మనిషిలో దాని ప్రభావంతో ఒంట్లోకి పోయే గ్లూకోజ్‌లో పెద్ద వాటా కండలదే. మా దగ్గరికి వచ్చే చాలామంది మధుమేహులు చూడ్డానికి లావుగా ఉండరు. పొట్ట కొద్దిగా ఉంటుంది, తొడలు పలచగా ఉంటాయి. ఉన్న కొద్దిపాటి కండలోనూ, ఖర్చు కావాల్సిన కొవ్వు తంతువుల మధ్యా, వాటి లోపలా పేరుకుని ఇన్సులిన్ మాట విననివ్వదు.

కండలో కొవ్వు కాల్చే పనిని చూసుకునే గ్రాహకాలు కొన్ని ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది పీపీఏఆర్-డెల్టా. కొవ్వు ఆమ్లాలే దాన్ని మేల్కొలుపుతాయి. అంటే కండకు ఇంధనంగా వచ్చిన పదార్థమే తనను కాల్చే ఏర్పాట్లు చేయమని కేంద్రకానికి చెప్తుంది. ఈఆర్ఆర్ అనే గ్రాహకాలకైతే హార్మోనే అక్కర్లేదు. పీజీసీ-1 ఆల్ఫా అనే తోడు ప్రోటీన్ వచ్చి చేరితే చాలు, మైటోకాండ్రియాలను పెంచే జన్యువులు కదులుతాయి. ఆ తోడు ప్రోటీన్‌ను కండలో పెంచే మందు మన చేతిలో ఉన్నదే, నడక. ఒక్కసారి గట్టిగా నడిస్తే కొన్ని గంటలపాటు దాని జాడ పెరుగుతుంది, తర్వాత తగ్గిపోతుంది. మళ్లీ నడిస్తే మళ్లీ పెరుగుతుంది. ఇలా వారాల తరబడి పెరిగి తగ్గుతూ ఉంటేనే మైటోకాండ్రియాలు నిజంగా కూడతాయి. ఒక నడక వల్ల ఇన్సులిన్ పనితీరులో వచ్చిన మేలు ఒకటి రెండు రోజులకు మించి నిలవదు. అందుకే "వరసగా రెండు రోజులకు మించి నడక మానొద్దు" అని చెప్తాను. ఆదివారం ఒక్కరోజు రామతీర్థం కొండెక్కి వచ్చి వారమంతా కుర్చీకి అతుక్కుపోయేవాళ్లకు ఇది ప్రత్యేకంగా చెప్పాల్సి వస్తుంది.

ఇదే కుటుంబంలోని పీపీఏఆర్-గామా మీద పనిచేసేది పయోగ్లిటజోన్. అది ఎక్కువగా కొవ్వు కణాల్లో పనిచేసి, దారితప్పి కండలోనూ కాలేయంలోనూ చేరే కొవ్వును దాని చోటికి మళ్లిస్తుంది. అప్పుడు కండ మళ్లీ ఇన్సులిన్ మాట వింటుంది. పూర్తి ఫలితానికి రెండు మూడు నెలలు పడుతుంది. 2013 జూన్‌లో మూత్రాశయ క్యాన్సర్ భయంతో కేంద్రం ఈ మందు అమ్మకాలు ఆపేసింది, జూలై ఆఖరులో హెచ్చరికలతో మళ్లీ అనుమతించింది. కాళ్ల వాపు, గుండె బలహీనత, ఎముకలు పెళుసెక్కడం ఉన్నవాళ్లకు నేను దీన్ని రాయను. తగినవాళ్లకు తక్కువ మోతాదులో రాస్తాను, రాసినప్పుడు మూడు నెలల మాట ముందే చెప్తాను. చక్కెర వారంలో దిగలేదని మందు మార్పించుకుని, ఆ తర్వాతి వారం దాన్నీ మార్పించుకునే రోగి ఏ మందుకూ పనిచేసే అవకాశం ఇవ్వడు.

కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానం నుంచి వచ్చేవాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు పేర్లు చీటీ మీద కనబడితే ముందు క్రియాటినిన్ చూస్తాను. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు తగ్గించే ఫెనోఫైబ్రేట్ పీపీఏఆర్-ఆల్ఫా మీద పనిచేస్తుంది. అది కిడ్నీల గుండా పోవాల్సిన మందు. కిడ్నీలు దెబ్బతిన్న మనిషిలో అది నిలిచిపోయి కండలనే పాడుచేసే ప్రమాదముంది. విటమిన్ డి కూడా చివరి మెరుగు కిడ్నీలోనే దిద్దుకుని తన కేంద్రక గ్రాహకం దగ్గరికి వెళ్లాలి. కిడ్నీ అలసిపోతే ఆ మెరుగు ఆగిపోతుంది. ఎముకల నొప్పి, తొడల బలహీనత వస్తాయి. కొబ్బరి తోటల్లో ఎండలో పనిచేసే మనిషికి విటమిన్ డి లోపమేమిటని ఆశ్చర్యపోయే కుర్ర డాక్టర్లకు నేను ఈ మలుపు గుర్తుచేస్తుంటాను.

ఇక కుర్రాళ్లు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి సైన్యానికీ కేంద్ర బలగాలకూ వెళ్లేవాళ్లు ఎక్కువ. తెల్లవారుజామున ఏ రోడ్డు చూసినా 1600 మీటర్ల పరుగు కోసం సాధన చేసేవాళ్లు కనిపిస్తారు. వాళ్లలో ఒకడు చిన్న సీసా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఆన్‌లైన్‌లో తెప్పించాడు. పేరు కార్డరిన్. లేబులు మీద చిన్న అక్షరాల్లో 'పరిశోధన కోసం మాత్రమే, మనుషులు వాడరాదు' అని ఇంగ్లీషులో ఉంది. "దీంతో దమ్ము పెరుగుతాదట గదండీ?"

ఇది పీపీఏఆర్-డెల్టాను మేల్కొలిపే పదార్థం, శాస్త్రీయంగా జీడబ్ల్యూ501516. 2004లో ఎవాన్స్ బృందం ఎలుకల కండలో ఈ గ్రాహకాన్ని జన్యుపరంగా ఎక్కువ చురుగ్గా ఉంచితే అవి మామూలు ఎలుకల కంటే దాదాపు రెట్టింపు దూరం పరిగెత్తాయి. ఆ వార్త ప్రపంచమంతా పాకింది. 2008లో అదే బృందం ఈ మందును మామూలు ఎలుకలకు ఇచ్చి చూసింది. మందు ఒక్కటే ఇచ్చినప్పుడు పరుగు పెరగలేదు. పరుగు సాధనతో కలిపి ఇచ్చినప్పుడే పెరిగింది. కండ కదలకుండా గ్రాహకాన్ని ఎంత లేపినా ఆ ప్రయోగంలో చాలలేదన్నమాట. ఇంకో సంగతి ఆ కుర్రాడికి మరింత ముఖ్యం. దీర్ఘకాలం ఇచ్చిన ఎలుకల్లో పలు అవయవాల్లో కణుతులు రావడంతో దీన్ని మందుగా తేవాలనుకున్న కంపెనీ పని మానేసింది. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 2009లోనే దీన్ని నిషేధించింది, 2013లో ఆటగాళ్లను ప్రత్యేకంగా హెచ్చరించింది. సీసా వెనక్కి ఇవ్వలేదు. "ఆరు వారాలు పరుగు సాధన చెయ్యి నాన్నా. ఈ సీసా కదిలించాలనుకునే గ్రాహకాన్ని నీ కాళ్లే కదిలిస్తాయి" అన్నాను.

మా నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ ఉంది. వెయిట్‌లిఫ్టర్ల ఊరని పేరు. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో మూడో స్థానంలో నిలిచింది. బంగారు పతకం అందుకున్న అమ్మాయి నిషిద్ధ మందులు వాడినట్టు తేలి పతకం పోగొట్టుకుంటే, సంతోషికి రజతం దక్కింది. అంతకు నూరేళ్ల ముందే వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు విజయనగరంలో వ్యాయామం నేర్పి, దేశదేశాల్లో బల ప్రదర్శనలిచ్చాడు. బలం ఎలా వస్తుందో ఈ గడ్డకు ఎప్పటి నుంచో తెలుసు. సీసాతో వచ్చే కుర్రాళ్లకు నేను ఈ పేర్లు చెప్పకుండా పంపను.

పొట్లం, సీసా రెండూ కూడా నిజమైన శాస్త్రం మీదే నిలబడ్డాయి. స్టెరాయిడ్ గ్రాహకం నిజంగానే నొప్పి తగ్గిస్తుంది. పీపీఏఆర్-డెల్టా నిజంగానే ఓర్పుకు సంబంధించినది. మోసమల్లా కాలం దగ్గర జరుగుతుంది. కేంద్రకం నుంచి వచ్చే మేలుకు వారాలు పడుతుందని చెప్పకుండా, రేపటికే అన్నట్టు అమ్ముతారు. కీడు కూడా వారాల తర్వాతే వస్తుంది కాబట్టి అప్పటికి అమ్మినవాడితో దానికి సంబంధం ఎవరికీ కనబడదు.

అందుకే కొత్తగా ప్రాక్టీసు పెట్టే డాక్టర్లను కోరేది ఇది. సత్తువ లేదని వచ్చిన ప్రతి మనిషినీ చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేపండి. దానికి ఖర్చు లేదు, అర నిమిషం పడుతుంది. ఏం మాత్రలు వేసుకుంటున్నారో అడిగి ఊరుకోకండి, కొంగు ముడి, జేబు, సంచి విప్పించి చూడండి. మందు రాసినప్పుడు అది పనిచేయడానికి ఎన్ని వారాలు పడుతుందో చీటీ మీద తెలుగులో రాయండి. రోగులను కోరేది ఇంకా చిన్నది. పొట్లంలో విడి మాత్రలు ఎవరిచ్చినా వాటి పేరు కాగితం మీద రాయమనండి. రాయనంటే ఆ పొట్లం తీసుకోకండి. నేను ఆరు వారాల తర్వాత రమ్మంటే, ఆ ఆరు వారాలూ మందు, తిండి, నడక మానకండి. వైద్యమంతా ఆ రోజుల్లోనే మీ కండల్లో జరుగుతుంది. నా గదిలో జరిగేది దాని లెక్క చూసుకోవడం మాత్రమే.